విజయనగరంలో ప్రైడ్ నడక: వేరే బ్యానర్ల వెనక నడిచిన ఏళ్లు

విజయనగరంలో డిగ్రీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మన ఊళ్లో ఎల్‌జీబీటీ ప్రైడ్ మార్చ్ ఎప్పుడైనా జరిగిందా? దాని చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? ప్రాజెక్టుకి రాయాలి. మేం పది పదిహేను మందిమి నడుద్దామని కూడా అనుకుంటున్నాం, పోలీసులు ఒప్పుకుంటారా?"

ముందు నేనెవరో చెప్తాను, ఎందుకంటే ఈ జవాబులో సగం నేను చూసిందే. 2004 నుంచి పన్నెండేళ్లు ఈ జిల్లాలో ఎయిడ్స్ నివారణ ప్రాజెక్టుల్లో పనిచేశాను. మొదట ఔట్‌రీచ్ వర్కర్‌ని, తర్వాత కౌన్సెలర్‌ని. నేను గేని. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నలభై నాలుగేళ్లు పట్టింది. పేరు రాయట్లేదు, మా అమ్మ ఇంకా ఇదే ఊళ్లో ఉంది.

మొదటి ప్రశ్నకి సూటిగా జవాబు: స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు ఇంద్రధనుస్సు జెండా పట్టుకుని, ప్రైడ్ అని పేరు పెట్టుకుని నడిచిన ఊరేగింపు మన ఊళ్లో నేను చూడలేదు. కానీ ఇక్కడితో ఆపేస్తే మీరు ప్రాజెక్టులో "విజయనగరంలో అలాంటి చరిత్ర లేదు" అని రాసేస్తారు. అది తప్పు. ఇక్కడివాళ్లు నడిచారు. బ్యానర్ మీద వేరే పేరు ఉండేది, అంతే.

బయటి చరిత్ర నెట్‌లో ఎలాగూ దొరుకుతుంది కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1969 జూన్ 28న న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ అనే గే బార్ మీద పోలీసులు దాడి చేస్తే అక్కడున్నవాళ్లు తిరగబడ్డారు. సరిగ్గా ఏడాదికి, 1970 జూన్ 28న ఆ ఊళ్లో మొదటి ఊరేగింపు జరిగింది. మన దేశంలో 1992 ఆగస్టు 11న ఢిల్లీ పోలీస్ హెడ్‌క్వార్టర్స్ ముందు నిరసన చేశారు. చేసిన సంస్థ పేరు ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్. పేరులోనే ఎయిడ్స్ ఉంది చూడండి, ఆ సంగతికి మళ్లీ వస్తాను. ఊరేగింపు అనదగ్గది 1999 జులై 2న కోల్‌కతాలో, ఫ్రెండ్‌షిప్ వాక్ అన్నారు. నడిచింది పదిహేను మంది. మీరు తక్కువమంది ఉన్నామని బెంగపడకూడదని ఈ లెక్క చెప్తున్నాను. 2008 జూన్ 29న ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాల్లో ఒకేరోజు నడిచారు. 2009లో చెన్నై, భువనేశ్వర్. 2013 ఫిబ్రవరి 3న హైదరాబాద్.

వీటన్నిటికంటే నాకు నచ్చింది భవానీపట్నా. ఒడిశాలో కలహండి జిల్లా కేంద్రం. మన స్టేషన్‌లో రాయ్‌పూర్ వైపు వెళ్లే రైలెక్కి, రాయగడ దాటి, ఇంకా పోతే వచ్చే ప్రాంతం. మన ఊరి కంటే చిన్న ఊరు. అక్కడ 2016లో నడిచారు. నడిపించింది ఇంగ్లిష్ చదువులు చదివినవాళ్లు కాదు, అక్కడి కిన్నర్లు, అంటే మనం హిజ్రాలనేవాళ్లు. చిన్న ఊరి నడక గురించి రాస్తే న్యూయార్క్‌కి ఒక పేరా, భవానీపట్నాకి రెండు పేరాలు ఇవ్వండి.

ఇక మన సంగతి.

2000 తర్వాత దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ని ఒకటిగా లెక్కేశారు. మిగతావి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, మణిపుర్, నాగాలాండ్. డబ్బులొచ్చాయి, ప్రాజెక్టులొచ్చాయి. ప్రాజెక్టుకి లెక్క కావాలి కదా: మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది, ఎక్కడ కలుస్తారు, వారానికి ఎన్ని కండోమ్‌లు కావాలి? అలా మేం మొదటిసారి కాగితాలకెక్కాం, ఎం.ఎస్.ఎం. అని. అందులో ప్రేమ లేదు, ఇల్లు లేదు, హక్కు లేదు. ఉన్నవి మూడక్షరాలు.

మాలో మాకు వేరే మాటలుండేవి. నడకలో, మాటలో ఆడతనం ఉన్నవాళ్లు తమని తాము కోతి అనుకుంటారు. చెట్టెక్కే కోతి కాదు, మా లోపలి భాషలో మాట అది. వాళ్లు ఇష్టపడే మగవాడు పంతి. ఊరు మమ్మల్ని అనే మాటలు మీకు తెలిసినవే: తేడా, పాయింట్ ఫైవ్, ఇంకా ఇక్కడ రాయలేనివి. గే అన్నది నాలాంటి ఇంగ్లిష్ పేపరు చదివేవాళ్ల మాట. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఊళ్లో రోడ్డు మీద ముందు నడిచినవాళ్లు కోతులు, హిజ్రాలు. గేలం చాలాకాలం ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాం.

ప్రాజెక్టువాళ్లకి ఒక డీఐసీ ఉండేది, డ్రాప్-ఇన్ సెంటర్. అద్దె ఇంటి మేడమీద రెండు గదులు, ఒక టీవీ, క్యారమ్స్ బోర్డు, ఒక నిలువుటద్దం. ఆ అద్దం కొనాలని ఎవరికి తోచిందో గాని వాళ్లకి దండం పెట్టాలి. ఊళ్లలో తాపీ పనికి, హోటల్ పనికి పోయే కుర్రాళ్లు మధ్యాహ్నం వచ్చి, ఆ అద్దం ముందు బొట్టు పెట్టుకుని, చీర కట్టుకుని గంట కూర్చునేవారు. సాయంత్రం ముఖం కడుక్కుని ప్యాంటూ షర్టూ వేసుకుని బస్సెక్కేవారు.

డిసెంబర్ 1 వస్తే ప్రపంచ ఎయిడ్స్ దినం ర్యాలీ. అధికారులు జెండా ఊపుతారు, ముందు నర్సింగ్ విద్యార్థినులు, ఎన్‌సీసీ పిల్లలు, తర్వాత కాలేజీలు, ఆ వెనక స్వచ్ఛంద సంస్థలు, అన్నిటికంటే వెనక మేము. తలమీద కాగితం టోపీ, జేబుకి ఎర్ర రిబ్బన్, చేతిలో ప్లకార్డు. నేను మొదటిసారి నడిచింది 2005లో. పాతికమందికి పైగా కోతులు, ఐదుగురు హిజ్రాలు ఉన్నారు. మూడు లాంతర్ల దగ్గరికి రాగానే ఆ ఐదుగురిలో పెద్దావిడ తన ప్లకార్డు నా చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని, రోడ్డు మధ్యకి జరిగింది. రోజూ అదే రోడ్డులో షాపుల ముందు చప్పట్లు కొట్టి చెయ్యి చాపే మనిషి. ఆ రోజు చప్పట్లు లేవు, చెయ్యి చాపడం లేదు. గంటస్తంభం దాకా అలా నడిచింది. షాపుల్లోంచి జనం బయటికొచ్చి చూశారు, ఒక్కడూ కూత వెయ్యలేదు. ముందు బ్యాండు, పోలీసు జీపు ఉన్నాయి కదా, అందుకేనేమో. నన్నడిగితే మన ఊరి ప్రైడ్ చరిత్ర ఆ రోజు మొదలైంది. మీ లెక్చరర్ ఒప్పుకోకపోవచ్చు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగితే కొట్టు నడిపే ఆవిడ "ఏటి బాబూ, ఎలచ్చన్లా?" అని అడిగింది. "కాదమ్మా, ఎయిడ్స్ ర్యాలీ" అన్నాను. ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి అందరికీ గాజు గ్లాసులో, నాకు ప్లాస్టిక్ కప్పులో టీ ఇచ్చేది.

ఆ బ్యానర్ వెనక నడిస్తే అంత ఖర్చు. ఇంకా పెద్ద ఖర్చు అయింది ఒక కుర్రాడికి. ఏ సంవత్సరమో రాయను, గుర్తుపడతారు. ఇరవై రెండేళ్లవాడు, ఊరి బయట పల్లె, మా దగ్గర పీర్ ఎడ్యుకేటర్, అంటే తోటివాళ్లకి ఎయిడ్స్ గురించి చెప్పే మనిషి. నెలకి కొద్దో గొప్పో జీతం ఇచ్చేవాళ్లం, ఇంట్లో ఆఫీసు ఉద్యోగం అని చెప్పుకున్నాడు. ర్యాలీ మర్నాడు ఒక పేపరు జిల్లా పేజీలో అతని ముఖం స్పష్టంగా పడింది. కింద "ఎయిడ్స్ బాధితుల ర్యాలీ" అని రాశారు. వారంలో ఇంట్లో అతని కంచం వేరయింది, చాప వేరయింది. చెల్లెలికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. అతనికి టెస్టు చేస్తే నెగెటివ్. ఆ రిపోర్టు పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లి నాన్నకి చదివి వినిపించాను. ఆయన అంతా విని, "రోగం నేకపోతే మరి ఆళ్లలో ఎందుకున్నాడు బాబూ?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. చెప్పే ధైర్యం లేకపోయింది. నెల తిరక్కుండా ఆ కుర్రాడు విశాఖ వెళ్లిపోయాడు, తర్వాత ఇంకా దూరం.

అందుకే ఆ ర్యాలీల గురించి రాసేటప్పుడు రెండూ రాయండి. ఆ బ్యానర్ లేకపోతే మమ్మల్ని రోడ్డు మీద గుంపుగా నడవనిచ్చేవారు కాదు. ఆ బ్యానర్ ఉన్నందుకు నడిచిన ప్రతివాడూ రోగి అయిపోయాడు.

2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ఏకాంతంలో కలిస్తే అది సెక్షన్ 377 కింద నేరం కాదంది. కోల్‌కతాలో ఆ పదిహేను మంది నడిచి అదే తేదీకి పదేళ్లు. మా డీఐసీలో మాత్రం ఒకటే ప్రశ్న: "ఇంక ఎవరూ బెదిరించరా?" 377 అంటే 1860లో ఇంగ్లిష్‌వాళ్లు రాసిన శిక్షాస్మృతిలోది. దాని కింద నిజంగా కేసు నడవడం నా పన్నెండేళ్లలో నేను చూడలేదు. ఆ సెక్షన్ కోర్టులో పని చేసేది కాదు, చీకట్లో పని చేసేది. పోలీసునని చెప్పుకుని ఎవడో ఒకడు వచ్చి "కేసు రాయించమంటావా, ఇంటికి ఫోన్ చెయ్యమంటావా" అంటే జేబులో ఉన్నది, వేలికున్న ఉంగరం ఇచ్చేసి రావడమే. మావాళ్లలో రెండోదానికే ఎక్కువ భయం.

2013 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నడుస్తున్నారని తెలిసి నేను వెళ్లాను. ఇంట్లో పెళ్లి అని చెప్పి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆదివారం నడిచి ఆ రాత్రే తిరుగు రైలు. ముక్కు మీదుగా రుమాలు కట్టుకున్నాను, దుమ్ము అలర్జీ అని పక్కవాడికి చెప్పాను. అడక్కుండానే. అంత పెద్ద రోడ్డు మీద పట్టపగలు అంతమంది మావాళ్లు! నా కాళ్లు వణికాయి. మన ఊరి కోతులు మాత్రం ఒక్కరూ రాలేదు. రైలు టికెట్, రెండు రోజుల కూలి, ఇంట్లో చెప్పడానికి నమ్మదగ్గ అబద్ధం, ఈ మూడూ చేతిలో ఉన్నవాడికే ఆ రోజుల్లో ప్రైడ్ అందేది.

పేరు గురించి ఒక మాట. ప్రైడ్‌ని గర్వం అంటే మన భాషలో తిట్టులా ఉంటుంది, ఎవడికో తలకెక్కినట్టు. హైదరాబాద్‌వాళ్లు తర్వాత క్వీర్ స్వాభిమాన యాత్ర అని పెట్టుకున్నారు, అది నయం. అయినా మా కోతులకి స్వాభిమానం కూడా పుస్తకం మాటే. "తలెత్తుకుని నడుద్దాం" అనేవారు వాళ్లు. బ్యానర్ మీద అదే రాసుకోవచ్చు మీరు.

అదే 2013లో, డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పుని కొట్టేసింది. 15న, ఆదివారం, చాలా నగరాల్లో నిరసనకి దిగారు. మన ఊళ్లో ఎందుకు దిగలేదని మీ వయసువాళ్లు అడుగుతుంటారు. మీరప్పుడు చిన్నపిల్లలు. అంతకు రెండు నెలల కిందటే, అక్టోబర్‌లో, రాష్ట్ర విభజన గొడవల్లో విజయనగరంలో కర్ఫ్యూ పెట్టారు. పాలకీ మందులకీ జనం గంటలు లెక్కపెట్టుకున్న రోజులు అవి. ఆ వేడి చల్లారకముందే నలుగురు గుంపుగా ప్లకార్డులు పట్టుకుని నిలబడితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఆ ఆదివారం డీఐసీ తలుపులు వేసుకుని కొవ్వొత్తులు వెలిగించాం. పద్దెనిమిది మందిమి. అది ఊరేగింపు కాదు గాని మీ రికార్డులోకి ఎక్కించండి.

2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసులో తీర్పు వచ్చింది. ట్రాన్స్‌జెండర్లు తాము ఆడో, మగో, మూడో లింగమో తామే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు నాలుగు నెలల ముందు 377ని నిలబెట్టింది! నువ్వు ఎవరో చెప్పుకోవచ్చు, ఎవరిని ప్రేమిస్తావో మాత్రం నేరం, అన్నట్టుంది ఆ ఏడాది చట్టం. ఆ అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. హిజ్రాలుండే రేకుల ఇళ్లు లేచిపోయాయి. తుపాను బియ్యం పంచుతున్నారని వెళ్తే ఒకచోట రేషన్ కార్డు అడిగారు. కార్డు లేదు. ఎందుకు లేదంటే, గురువు ఇంట్లో ఆరుగురు చేలాలు, అంటే శిష్యులు, ఉంటారు, ఒకరికొకరు ఏమవుతారో దరఖాస్తులో రాసే గడి లేదు. భార్య, కొడుకు, కూతురు, ఇవే ఉంటాయి.

ఆ తర్వాత ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, హిజ్రాలు పదకొండు మంది రేషన్ కార్డుల కోసం కాగితం పట్టుకుని నడిచి వెళ్లారు. బ్యానర్ లేదు, మైకు లేదు, మా ప్రాజెక్టు టోపీలు వద్దన్నారు. గేటు దగ్గర ఉన్నాయన "ఎవులమ్మా మీరంతా? పనేటి?" అన్నాడు. 2005లో నాకు ప్లకార్డు ఇచ్చిన పెద్దావిడే ముందుంది. "ఓటర్లం బాబూ" అంది. నిజమే. ఎన్నికల సంఘం 2009లో ఓటరు జాబితాలో "ఇతరులు" అనే గడి పెట్టింది, వాళ్లలో ముగ్గురికి ఆ గడిలో కార్డులున్నాయి. ఆయన లోపలికి పంపాడు.

ఎయిడ్స్ మాట లేకుండా, తమ పని మీద, తమ పేరుతో మన ఊళ్లో వాళ్లు గుంపుగా నడవడం నేను చూసింది అదే మొదలు. ప్రేమ కోసం కాదు, బియ్యం కోసం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో "ఇతరులు"గా నమోదైనవాళ్లు 43,769 మంది. ఎవరైనా "మీరెంతమంది ఉంటారు, చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు" అంటే ఆ అంకె చెప్పండి. అదీ నమోదు చేయించుకునే ధైర్యం చేసినవాళ్లే. కార్డులు ఒక్కరోజులో రాలేదు. కానీ 2018లో రాష్ట్రం ట్రాన్స్‌జెండర్లకి నెలకి 1,500 రూపాయల పింఛను మొదలెట్టింది, 2024 జులై నుంచి అది 4,000. రేషన్ కార్డు విషయంలో, ఒకే లింగానికి చెందిన జంటని ఒకే ఇంటివాళ్లుగా చూడమని కేంద్రం 2024లో రాష్ట్రాలకి రాసింది. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు మా పెళ్లిళ్లని గుర్తించనంది కదా, ఆ కేసులో వేస్తామన్న కమిటీ నుంచి వచ్చిన పని అది. పెళ్లి దొరకలేదు, బియ్యం కార్డు దొరికింది. మన ఊరివాళ్లకి ఈ వరసే అలవాటు.

2018 సెప్టెంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తులూ ఒకే మాటగా 377లోంచి మమ్మల్ని బయటికి తీశారు. చరిత్ర వీళ్లకీ వీళ్ల కుటుంబాలకీ క్షమాపణ చెప్పాలి అని జస్టిస్ ఇందూ మల్హోత్రా రాశారు. నేనప్పటికి ప్రాజెక్టు వదిలేశాను. పాత పీర్ ఎడ్యుకేటర్ ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, గెలిచామంట కదా. ఏటి గెలిచాం?" అన్నాడు. ఇక మన మీద కేసు ఉండదురా అన్నాను. "ఇన్నాళ్లూ ఎవుడి మీదుంది?" అన్నాడు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం గాని, ఉంగరం పోగొట్టుకున్నది వాడే.

చట్టం గురించి రాసేటప్పుడు ఇంకొకటి చేర్చండి, చాలామంది మర్చిపోతున్నారు. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 377 లాంటిది అసలు లేదు. ఇష్టంతో కలవడం 2018లోనే నేరం కాకుండా పోయింది, మంచిదే. కానీ బలవంతం జరిగితే మగవాడు ఫిర్యాదు చెయ్యడానికి పనికొచ్చిన సెక్షన్ కూడా దాంతోపాటే పోయింది. అత్యాచారం నిర్వచనంలో బాధితురాలు ఆడదే. ట్రాన్స్‌జెండర్ల మీద లైంగిక దాడికి 2019 చట్టంలో ఉన్న శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు, అంతే. మీ నడకలో ఏదైనా డిమాండ్ పెట్టాలంటే ఇది పెట్టండి. "లవ్ ఈజ్ లవ్" అని ఇంగ్లిష్‌లో రాసిన అట్టలు మన మార్కెట్లో కూరలు కొనేవాళ్లకి ఏమీ చెప్పవు.

ఇది మన సంస్కృతి కాదు అనేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. వాళ్లతో వాదించకండి, పైడితల్లి పండగకి తీసుకెళ్లండి. విజయదశమి తర్వాతి మంగళవారం సిరిమాను తిరిగేటప్పుడు దాని వెంట నడిచే అంజలి రథం చూశారు కదా. దాని మీద ఆడవేషం కట్టిన మగవాళ్లు అమ్మవారి పరిచారికలుగా ఉండి అక్షింతలు చల్లుతారు. అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు. లక్షలమంది దండం పెడతారు. మన తూర్పు భాగవతంలో మద్దెల మోతకి సత్యభామ వేసేదీ మగవాడే, రాత్రంతా ఊరు కూర్చుని చూస్తుంది. అయితే దీన్ని మరీ లాగకండి. ఆ వేషగాళ్లు మావాళ్లని నేననడం లేదు, వేషం వేరు, బతుకు వేరు. పండగనాడు ఆ రథానికి చేతులు జోడించిన ఊరే మర్నాడు కోతిని రాయిచ్చుకు కొట్టడమూ చూశాను. మగవాడి ఒంటి మీద చీర మన వీధికి కొత్త కాదు అనడానికి మాత్రం ఆ ఉదాహరణ సరిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఆడవాళ్లు లేరని మీరు గమనించే ఉంటారు. ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లు ఈ ఊళ్లో లేక కాదు. హెచ్‌ఐవీ లెక్కల్లో వాళ్లు రారు కాబట్టి ప్రాజెక్టుకి వాళ్లు అక్కర్లేదు. డీఐసీ లేదు, అద్దం లేదు, ర్యాలీ లేదు, డిసెంబర్ 1 లేదు. పన్నెండేళ్లలో నా దగ్గరికి వచ్చినవాళ్లు ఇద్దరే, ఇద్దరికీ నెలలోపు పెళ్లి చేసేశారు. వాళ్ల చరిత్ర రోడ్డు మీద కాదు, నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ పిటిషన్లలో వెతకాలి. 2024 డిసెంబర్‌లో మన హైకోర్టు, ఇద్దరు యువతులు కలిసి బతుకుతుంటే తల్లిదండ్రులు అడ్డుపడకూడదని చెప్పింది, అక్కడ మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. మీ పదిహేను మందిలో అమ్మాయిలుంటే ఏ దారిలో, ఏ టైముకి నడవాలో ముందు వాళ్లనే చెప్పమనండి.

అనుమతి సంగతి. ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. కానీ రోడ్డు మీద ఊరేగింపుని క్రమబద్ధం చేసే అధికారం 1861 నాటి పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 కింద పోలీసులకి ఉంది. "సెక్షన్ 30 అమల్లో ఉంది" అని పేపర్లో అప్పుడప్పుడు వార్త వస్తుందే, అదే. 2023 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం రోడ్ల మీద సభలు, ర్యాలీలు కట్టడి చేస్తూ జీవో 1 తెచ్చింది, అదీ ఈ సెక్షన్ ఆధారంగానే. మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి "ర్యాలీలు నిషేధం" అని ఎవరైనా అంటే ఏ ఉత్తర్వు ప్రకారమో మర్యాదగా అడగండి. గుంపులు కూడొద్దనే పాత 144 సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 163, ఆ రోజు పెట్టి ఉంటే మాత్రం నడవకండి, వాదనకి అది రోజు కాదు.

పదిహేను రోజుల ముందే డీఎస్పీ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. తేదీ, మొదలయ్యే టైము, ముగిసే టైము, దారి, ఎంతమంది, బాధ్యత ఎవరిది, ఫోన్ నంబరు. నకలు మీద ముద్ర వేయించుకోండి, అది లేకపోతే ఇచ్చినట్టు కాదు. మైకుకి వేరే అనుమతి కావాలి, మీకు మైకు అక్కర్లేదని నా సలహా. అర్జీలో ప్రైడ్ మార్చ్ అని ఒక్కటే రాస్తే టేబుల్ అవతలి మనిషికి అర్థం కాక పైకి పంపుతాడు, అక్కడ వారం పోతుంది. కింద తెలుగులో "ట్రాన్స్‌జెండర్లు, స్వలింగ ప్రేమికుల హక్కులపై అవగాహన నడక" అని విడమరిచి రాయండి. అడిగితే దాచకండి. మేం ఎయిడ్స్ అని దాక్కుని నడిచాం, మీకా అవసరం లేదు. అమ్మవారి పండగ దగ్గర్లో పెట్టకండి, బందోబస్తుకి పోలీసులు దొరకరు. గంటస్తంభం వైపు సాయంత్రం రద్దీలో పదిహేను మంది కనిపించను కూడా కనిపించరు, కోట దగ్గర మొదలుపెట్టి వెడల్పాటి రోడ్డులో పోండి.

ఫొటోల విషయంలో ఒక్క నియమం పెట్టుకోండి, తర్కం అక్కర్లేదు. ముఖం పడకూడదనుకున్నవాళ్లు ఒక వరసలో, పడ్డా ఫర్వాలేదనుకున్నవాళ్లు ముందు వరసలో. విలేకర్లకి ఆ తేడా ముందే చెప్పండి, ఫొటో కింద రాయాల్సిన వాక్యం మీరే కాగితం మీద రాసి ఇవ్వండి. వాళ్లు వెతుక్కోవలసిన పని ఉండకూడదు. ఆ కుర్రాడి విషయంలో నేను చెయ్యాల్సి ఉండీ చెయ్యనిది ఇదొక్కటే.

ఇంకొకటి. నడిచే ముందు ఒకసారి హిజ్రాల పెద్దావిడని కలవండి. మీరు పిలవకపోతే వాళ్లు రారు, వాళ్లు లేకుండా మీరు నడిస్తే ఊరు మిమ్మల్ని కాలేజీ ఫెస్ట్ అనుకుంటుంది. చిరునామా ఇక్కడ రాయను, విడిగా చెప్తాను. మీ ప్రశ్న చూసిన రోజే వెళ్లి ఆమెకి చెప్పాను, పిల్లలు నడుస్తామంటున్నారు, వస్తావా అని. ఆమెకిప్పుడు డెబ్బై దగ్గర, ఒకటో తారీఖు పింఛను ఇంటికొస్తుంది, షాపుల చుట్టూ తిరగడం మానేసింది. "పొద్దున్నా, సాయంత్రమా?" అని అడిగింది. తెలీదన్నాను. "పొద్దున్నయితే మోకాళ్లు పట్టేత్తాయి, నాలుగ్గంటలకెట్టమను" అంది. నాలుగ్గంటలకి పెట్టండి.